గాలిలో స్టీరింగ్

మూడో తేదీ

బావకి,

నా రాత చూసి విసుక్కోకు. ఐదో క్లాసుతో బడి మానేసినవాణ్ణి. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడపడితే అక్కడ పడతాయి, కొన్ని అసలు పడవు. కూడబలుక్కుని చదువుకో. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో నీకు సగం వినపడదు, నాకు సగం మాట రాదు. ఇద్దరం "ఆఁ? ఆఁ?" అనుకోవడంతోనే సరిపోతుంది.

తుంటి ఆపరేషన్ తర్వాత కర్ర లేకుండా నాలుగడుగులు వేశావని అక్క ఫోన్‌లో కోడలికి చెప్పిందట. సంతోషం. ఐదో అడుగు కోసం తొందరపడకు. ఇక్కడ వ్యాన్ బాగానే ఉంది. నువ్వు ఊరికి వెళ్ళినప్పటి నుంచి రెండు పూటలా నేనే తోలుతున్నాను. పొద్దున కుట్టు కంపెనీకి పన్నెండు మందిని దింపడం, సాయంత్రం ఎక్కించుకుని రావడం. సాయంత్రం ఎక్కీ ఎక్కగానే అందరూ నిద్రే. వెనక్కి చూస్తే పన్నెండు తలలూ ఒకే పక్కకి వాలి ఉంటాయి. లెక్కలమ్మ మాత్రం నిద్రలో కూడా వేళ్ళు మడుస్తుంది, ఎన్ని కాలర్లు కుట్టిందో ఏమో.

ఇప్పుడు రాయబోయేది అక్కకి చదివి వినిపించకు.

మా కోడలి ఉద్యోగం సంగతి నీకు తెలుసు. "ఆడుకుంటే జీతమా, మనకి తెలియక బండి తోలి చచ్చాం" అని నవ్వావు. అంత సులువేం కాదు బావా. బజారులోకి ఇంకా రాని వీడియో గేములు ఈమెకి ముందుగా పంపుతారు. ఈమె ఆడి, బాగుందో బాగాలేదో నెట్‌లో పత్రికకి రాస్తుంది. అది చదివే జనం కొంటారు, లేదా మానేస్తారు. పోయిన వారం ఒకటొచ్చింది. బుడ్డబుడ్డ బండ్ల పందెం. వచ్చే నెల అమ్మకానికి పెడతారట. ముగ్గురే ముగ్గురు మనుషులు నాలుగేళ్ళు కూర్చుని చేశారట. ఇందులో మీటలు నొక్కే పని లేదు. జానెడు పిడి ఒకటి ఇస్తారు. దాన్ని రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, స్టీరింగ్ తిప్పినట్టు గాలిలో తిప్పాలి. చెయ్యి ఎటు ఒరిగితే టీవీలో బండి అటు పోతుంది.

"ఆటల మొహం చూడనివాళ్ళు కూడా ఐదు నిమిషాల్లో నేర్చుకుంటారని రాశారు మామయ్యా. నిజమో కాదో చూడాలి. మీకన్నా ఆటల మొహం చూడనివాళ్ళు నాకెక్కడ దొరుకుతారు?" అని రెండో పిడి నా చేతిలో పెట్టింది.

వద్దంటే వినదు. కూర్చున్నాను. వంటింటి గట్టు మీద దారి. చెంచాల వంతెన, పక్కన పొయ్యి మంట. మలుపు రాగానే నా కుడికాలు నేలని తొక్కేసింది. "అక్కడ బ్రేకు లేదు మామయ్యా" అని ఒకటే నవ్వు. వెనక నుంచి ఒక బండి దూసుకొస్తుంటే పక్కకి తీశాను. "దారిస్తారేంటి! ఇది పందెం!" అని అరిచింది. "వాళ్ళకేదో తొందర ఉందేమోనమ్మా" అన్నాను. సోఫా మీద పడి నవ్వింది. నిజం చెప్పొద్దూ, నాకూ బాగుంది. పిడిని ఒక్కసారి పైకి ఎగరేస్తే బండి గాలిలోకి లేస్తుంది. నేను బండితో పాటు కుర్చీలోంచి లేచాను. ఈ వయసులో.

తర్వాత తిన్నటి దారి వచ్చింది. మలుపు లేదు, గుంట లేదు. అక్కడ నా బండి ఊగింది. కుడికి కొంచెం, ఎడమకి కొంచెం. పాముకి జ్వరం వచ్చినట్టు. గట్టిగా పట్టుకుంటే ఇంకా ఊగింది. పక్కన కోడలి బండి గీత గీసినట్టు పోతోంది. మూడు రోజులు ఆడించింది, మూడు రోజులూ అంతే. మోచేతులు తొడలకి ఆనించి చూశాను, ఊపిరి బిగబట్టి చూశాను. ఆమె నా మొహం చూసి, "ఇది మీ తప్పు కాదు మామయ్యా, ఆటలోనే ఉంది లోపం" అని పుస్తకంలో రాసుకుంది. నిన్న నాకు చదివి వినిపించింది కూడా. ఆ మాటలు అలాగే గుర్తున్నాయి. "తిన్నటి దారిలో కూడా బండి కుదురుగా నిలవదు. ముప్పై ఎనిమిదేళ్ళు వ్యాన్ నడిపి, ఒక్క గీత కూడా పడనివ్వని మా మామగారి చేతుల్లోనే నిలవలేదంటే లోపం ఆటదే."

ఆ ఆట చేసిన ముగ్గురిలో ఒకావిడ ఫోన్ చేసింది. స్పీకర్‌లో నాకూ వినపడింది. "రెండు వందల మందితో ఆడించాం మేడమ్, ఎవరూ ఈ మాట అనలేదు. ఇంకొక్కసారి చూడండి" అంది. రెండుసార్లు బతిమాలింది పాపం. కోడలు, "నేను చూసిందే రాస్తానండీ. మా మామగారి చేతిని మించిన సాక్ష్యం నాకు లేదు" అంది.

బావా, నా చెయ్యి వణుకుతోంది. ఆరు నెలలైంది. మొదట కుడిచెయ్యి, ఇప్పుడు రెండూ. ఊరికే ఉన్నప్పుడు అంతగా తెలియదు, ఒక వస్తువు పట్టుకుని కదలకుండా ఉంచుదామంటే మొదలవుతుంది. ఇంట్లో టీ గ్లాసు సగమే పోయించుకుంటున్నాను. వేడి పడదని చెప్పాను. స్టీరింగ్ మీద చేతులు కిందికి పెట్టి, ఒళ్ళో ఆనించి తోలుతున్నాను.

ఇంకొకటి. ఎడమ అద్దం సంగతి నీకు రాశాను గుర్తుందా, నిలిపి ఉంచిన వ్యాన్‌ని ఎవడో గీకిపోయాడని. ఎవడూ గీకలేదు. కంపెనీ వెనక సందులో గోడ పక్కన తిప్పుతుంటే చెయ్యి ఎగిరిపడింది. నేనే రుద్దేశాను గోడకి. లోపల పన్నెండు మందీ ఉన్నారు. పదకొండు మంది నిద్రలో. ముందు సీట్లో కూర్చునే బొత్తాలమ్మ ఒక్కతే మెలకువగా ఉంది. "ఏంటి బాబాయ్, కునుకు పట్టిందా?" అంది. కుక్క అడ్డొచ్చిందన్నాను. అక్కడ కుక్క లేదు. మర్నాటి నుంచి ముందు సీటు వదిలేసి వెనక కూర్చుంటోంది.

ఎనిమిదో తేదీన కోడలి రాత బయటికి వస్తుంది. ఊరుకుంటే ఎవరో ముగ్గురి కష్టం నా చేతి మూలాన బూడిదవుతుంది. చెబితే వ్యాన్‌కి ఈ కంపెనీ బాడుగ పోతుంది, నువ్వు లేచి వచ్చేసరికి నీకూ ఉండదు. ఏ పని ముట్టుకున్నా బుద్ధి నిలవడం లేదు. గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతున్నాను. నీ మాట మీద నడవడం నాకు అలవాటు. ఏం చెయ్యమంటావో రాయి.

నీ బావమరిది


ఏడో తేదీ

బావకి,

నీ ఉత్తరం కోసం రోజూ గుమ్మంలో నిలబడ్డాను. రాలేదు. రేపు ఎనిమిది. నిన్న చెప్పేశాను.

చెప్పానంటే మాటల్లో కాదు. మూడుసార్లు ఆమె గదిలోకి వెళ్ళి, "ఫ్యాన్ వెయ్యనా అమ్మా" అని అడిగి వచ్చాను. నాలుగోసారి ఆమే, "మామయ్యా, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, ఏంటి సంగతి?" అంది. అప్పుడు బల్ల మీదున్న పిడి తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని, ఆమె ముందు నిలబడ్డాను. టీవీ పెట్టలేదు. ఆమె నా మొహం చూసింది, తర్వాత చేతులు చూసింది. పిడి చివరన కట్టిన తాడు ఊగుతోంది. "ఆట తప్పు కాదమ్మా" అన్నాను.

అయ్యో అంటుందనుకున్నాను. అనలేదు. "మరి ఆ పన్నెండు మందినీ ఎవరు తీసుకెళ్తున్నారు మామయ్యా?" అంది.

నేలలోకి దిగిపోతే బాగుండనిపించింది. నా చేతి గురించి అడగకముందు వాళ్ళ గురించి అడిగింది. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా నన్ను నేను అలా అడగలేదు. నా వ్యాన్, నా పని, నా పరువు, ఇవే తిరిగాయి నా బుర్రలో. గోడకి రుద్దిన సంగతి కూడా చెప్పాను. ఎన్నాళ్ళయిందంది. ఆరు నెలలన్నాను. "మీ అబ్బాయికి తెలుసా?" "తెలియదు." "మీ బావగారికి?" "మొన్న రాశాను." లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేసింది. ఆమె కోపం అలా ఉంటుంది. తర్వాత వచ్చి, నా ఎదురుగానే ఆ మాటలు కొట్టేసింది. ఆ ఫోన్ చేసిన ఆవిడకి తనే ఫోన్ చేసి, "లోపం మీ ఆటలో లేదండీ, పొరపాటు నాది, క్షమించండి" అంది. నా ఊసెత్తలేదు. అవతల ఆవిడ ఏడ్చిందట, సంతోషంతోనే. మొత్తం తిరగరాయాలని, పదమూడో తేదీకి వాయిదా అడిగింది.

సాయంత్రం మావాడు లిఫ్టుల పని నుంచి వచ్చాడు. కోడలు చెప్పింది. వాడు చేతులు కూడా కడుక్కోకుండా నా ముందు కూర్చుని, "నాన్నా, ఒక గ్లాసు నీళ్ళు పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. నేల తడిసింది. "నేను మన ఇంట్లోనే ఉంటున్నానా, లాడ్జిలో ఉంటున్నానా?" అన్నాడు. వాడికి కోపం వణుకు మీద కాదు, దాచినందుకు. డాక్టర్ ఇరవయ్యో తేదీన రమ్మన్నాడు. అప్పటిదాకా వ్యాన్ ముట్టుకోవద్దన్నారు ఇద్దరూ. కంపెనీ సూపర్‌వైజరమ్మకి ఒంట్లో బాగోలేదని చెప్పాను. వారం పాటు వాళ్ళ సరుకు బండిలోనే మనుషుల్ని కూడా ఎక్కిస్తామంది. సీట్లు లేవు, మూటల మీద కూర్చోవాలి. ఇవాళ మా వీధిలో పోతూ దాని వెనక తలుపులోంచి లెక్కలమ్మ, "బాబాయ్, మమ్మల్ని బట్టల కింద లెక్క కట్టారు, తొందరగా లేవండి!" అని అరిచింది.

పొద్దున నాలుగున్నరకే మెలకువ వచ్చేసింది. వ్యాన్ తుడిచాను. వెళ్ళే చోటు లేకుండా తుడవడం ఇదే మొదటిసారి. మధ్యాహ్నం మళ్ళీ తుడిచాను. నీకు కోపం వచ్చి ఉంటే తిట్టు. నువ్వు తిట్టినట్టయినా రాస్తే కొంచెం నెమ్మదిగా ఉంటుంది.

నీ బావమరిది


పన్నెండో తేదీ

బావకి,

నీ ఉత్తరం తొమ్మిదో తేదీన అందింది. "పిచ్చివాడా, ఎవరికీ చెప్పకు. రెండు నెలలు నెట్టుకురా, నేను వచ్చి తోలతాను. ఈ వయసులో చెయ్యి వణకని వాడెవడు?" అని రాశావు. నా ఉత్తరం, నీ ఉత్తరం దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నట్టున్నాయి. నువ్వు చెప్పకు అనేసరికి నేను చెప్పేసి ఉన్నాను. సరేలే, అయిపోయింది కదా అనుకున్నాను. అవలేదు బావా.

మొన్న సెలవు రోజు మావాడు టీవీ ముందు కూర్చున్నాడు. కోడలు తిరగరాసే ముందు మళ్ళీ ఒకసారి మొదటి నుంచి ఆడాలంది. వీడికి రెండో పిడి ఇచ్చింది, నా చేతిలో పెట్టినదే. వీడు లిఫ్టు కింద నిలబడి ఇనప తాళ్ళు బిగించేవాడు, వీడి చెయ్యి కొట్టినా కదలదు. తిన్నటి దారి వచ్చింది. వీడి బండి ఊగింది. అచ్చం నాది ఊగినట్టే.

కోడలు లాక్కుని తను పట్టుకుంది. ఊగింది. బల్ల మీద పెట్టి వదిలేసింది. ఎవరి చెయ్యీ లేకుండా బండి ఊగింది!

పిడి లోపల ఏదో సరిగా అతకలేదట. ఆ ఫోన్ ఆవిడకి చెబితే, వెతికి చూసి, ఒక పెట్టెలో వచ్చిన పిడులన్నీ అలాగే ఉన్నాయని, అమ్మకానికి పోకముందే పట్టిచ్చారని నూరుసార్లు దండం పెట్టిందట. ఆటలో కాదు లోపం, పిడిలో. కోడలు తల బాదుకుంది. "మొదటిరోజే పిడులు ఇటుది అటు మార్చి చూడాల్సింది మామయ్యా. ఎవరితో ఆడించినా ముందు అదే చేస్తాను. మీ చెయ్యి కదా అని చూడలేదు" అంది.

అంటే నేను చెప్పక్కరలేకపోయింది. నోరు మూసుకుని కొన్నాళ్ళు ఓపిక పడితే, ఎవరో ఒకరి చేతిలో అదే బయటపడేది. వ్యాన్ నాదే, ముందులాగే. నీ మాట విన్నట్టూ ఉండేది. కుర్చీలో కూలబడి నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో వాళ్ళకి తెలియలేదు.

ఆ రోజు ఇంట్లో పండగలా ఉంది. అందరికీ నమ్మాలని ఉంది బావా. మావాడు, "చూశావా నాన్నా, నువ్వు ఊరికే భయపెట్టావు. వయసు మీద పడ్డాక ఆ కాస్త వణుకు మామూలే" అన్నాడు. తడిసిన నేల వాడే తుడిచాడు, అది మర్చిపోయాడు. కోడలు, "డాక్టర్‌కి ఎలాగూ చూపిద్దాం, ఈలోగా వ్యాన్ సంగతి మీకెలా తోస్తే అలా" అంది. మొన్న గిన్నెలు చప్పుడు చేసిన మనిషే. ముగ్గురం కలిసి నా ఆరు నెలలనీ ఒక పిడి మీదికి తోసేశాం.

నిన్న కొత్త పిడి వచ్చింది. "రండి మామయ్యా, ఇప్పుడు చూద్దాం" అని నా చేతిలో పెట్టింది. చెంచాల వంతెన దాటాను. తిన్నటి దారి. నా బండి గీత గీసినట్టు పోయింది. మావాడు చప్పట్లు కొట్టాడు. నేను టీవీ చూడలేదు, నా చేతులు చూసుకున్నాను. వణుకుతున్నాయి. చివరన తాడు ఊగుతూనే ఉంది.

"అమ్మా, చెయ్యి ఊగుతుంటే బండి ఎలా తిన్నగా పోతోంది?" అని అడిగాను.

ఆమె ఉత్సాహంగా చెప్పింది. "అదే మామయ్యా ఇందులో గొప్ప. చిన్న చిన్న అదుర్లని ఆటే సర్దేస్తుంది. మనిషి ఎటు తిప్పుదామనుకున్నాడో అదే తీసుకుంటుంది, మిగిలినది వదిలేస్తుంది. పిల్లలూ పెద్దవాళ్ళూ కూడా ఆడాలని అలా చేశారు."

నాలుగేళ్ళు కూర్చుని చేశారంటే మాటలా! మంచి మనసున్న మనుషులు. నాలాంటి వాడొకడు వస్తాడని ముందే అనుకుని, వాడు నవ్వులపాలు కాకుండా చూశారు. కానీ బావా, మన వ్యాన్ సర్దదు. నేను ఎటు తిప్పుదామనుకున్నానో దానికి అక్కర్లేదు. నా చెయ్యి ఎటు పోతే అటే పోతుంది, ఆ పన్నెండు మందినీ తీసుకుని.

ఇంకో సంగతి. కోడలు తన రాతలో నా ముక్క మళ్ళీ పెట్టింది. ముప్పై ఎనిమిదేళ్ళు, ఒక్క గీత పడనివ్వని చేతులు, ఆ చేతులే లోపాన్ని పట్టేశాయని. చదువుతుంటే గొంతులో గర్వం. తీసెయ్యమన్నాను. "ఎందుకు మామయ్యా? నిజమేగా?" అంది. "పిడి గురించి నిజం. నా గురించి కాదు" అన్నాను. నా నోట అన్ని మాటలు ఒకేసారి రావడం చూసి ఆమె ఆ ముక్క మళ్ళీ తెరిచింది. తీసేసింది. కాసేపటికి వచ్చి నా పక్కన కూర్చుని, "నేనూ నమ్మేద్దామనుకున్నాను మామయ్యా" అంది. నేను టీ తెమ్మన్నాను. గ్లాసు నిండా పొయ్యమన్నాను. తొణికింది, తుడుచుకున్నాను, తాగాను.

ఇవాళ పొద్దున నడిచి కంపెనీ గేటుకి వెళ్ళాను. సరుకు బండిలోంచి దిగుతున్నారు అందరూ, నడుములు పట్టుకుని. నన్ను చూసి చుట్టూ మూగారు. "బాబాయ్ లేచాడు!" "వ్యాన్ ఏది బాబాయ్?" "అల్లుడిలా తయారై వచ్చాడు, పెళ్ళేమైనా కుదిరిందా?" అని ఒకటే గోల. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను, ఒక్కటీ గుర్తు రాలేదు. చేతులు రెండూ ముందుకి చాపాను. గోల ఆగిపోయింది. "ఆర్నెల్లుగా ఇదే. చెప్పకుండా మిమ్మల్ని ఎక్కించుకున్నాను. ఇక తోలను" అన్నాను. లెక్కలమ్మ మొహం మాడ్చుకుని, "ఆర్నెల్లా! మేం నిద్రపోయాం కదయ్యా నీ బండిలో!" అంది. ఆ మాట దాని నోట రాకుండా ఉంటే బాగుండేది. కానీ నిజమే. ఒకామె తిట్టింది కూడా. పడ్డాను. మిగతావాళ్ళు గంట కొట్టారని లోపలికి పరిగెత్తారు. బొత్తాలమ్మ ఒక్కతే ఆగి, నా ముంజేతిని తన రెండు చేతులతో పట్టుకుంది. అది ఆగేదాకా పట్టుకుని, ఆగదని తెలిశాక వదిలేసి వెళ్ళింది.

ఇంతవరకు నీ మాట కాదనలేదు. నాకు పాతికేళ్ళప్పుడు నువ్వు పొలం మానేసి రమ్మంటే వచ్చాను, స్టీరింగ్ పట్టుకోమంటే పట్టుకున్నాను. ఇదొక్కటి వినలేను. రెండు నెలలు కాదు, రెండు రోజులు కూడా నెట్టుకురాలేను. నీ తుంటి ఊరికే తొందరపెట్టుకుని లేచి రాకు. సరుకు బండి ఇంకో వారం ఉంటుంది, ఈలోగా మంచి డ్రైవర్‌ని నువ్వే చూడు. వాడి చేతులు చూసి పెట్టు.

కవరు బరువెందుకో ఈపాటికి చూసే ఉంటావు. అందులోది వ్యాన్ తాళం. ఒకటి నీ దగ్గర ఉన్నా, ఇది కూడా నీ దగ్గరే ఉండనీ. ఇక్కడ మేకుకి వేలాడుతుంటే, ఏదో ఒక పొద్దున నా కాళ్ళు వాటంతటవే వ్యాన్ దగ్గరికి పోతాయి. నా సంగతి నాకు తెలుసు. ఈ చివరి ముక్కలు పోస్టాఫీసులోనే రాస్తున్నాను. అంటించకముందు కవరు తూకం వేసినావిడ, "లోపల ఏముంది?" అని అడిగింది. ఇనుము అన్నాను.

కోపం తగ్గాక రాద్దాంలే అనుకోకు. కోపంతోనే రాయి. తాళం చేతికి అందిందని ఒక్క ముక్క చాలు. అది వచ్చేదాకా నేను ఒకచోట కూర్చోలేను బావా.

నీ బావమరిది